నాలుగు సీసాలకో టిక్కెట్టు

మా మేనల్లుడు ప్రేమలో పడటానికి కారణం నేనే. టైరులో మేకు దిగటానికి మాత్రం నేను కారణం కాదు. అదొక్కటీ ఎవరూ నమ్మరు.

నాది పంక్చర్ల షాపు. బస్టాపుకి ఆనుకునే ఉంటుంది. ఏడో క్లాసులో నేనూ బడీ ఒకరికొకరం దణ్ణం పెట్టుకుని విడిపోయాం. అప్పట్నించి గాలి కొట్టడమే నా వృత్తి. పగలు టైర్లకి, తీరిక దొరికితే మనుషులకి.

ఆ రోజు పొద్దున్నే మా అక్క కొడుకు స్కూటరు తోసుకుంటూ వచ్చాడు. వాడు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు సానపట్టే పని చేస్తాడు. అందుకే వీధంతా వాణ్ణి కళ్ళజోడు అనే పిలుస్తుంది. బుద్ధిమంతుడు. ఒక్కటే లోపం. ముక్కుంది, చూడ్డానికి దివ్యంగా ఉంటుంది, పని మాత్రం చెయ్యదు. చిన్నప్పుడు జ్వరమొకటి వచ్చి, పోతూ పోతూ వాసన కాస్తా పట్టుకుపోయింది. స్టవ్వు మీద పాలు మాడుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకునే రకం. వాణ్ణి పాలకి కాపలా పెట్టడం మా అక్క ఎప్పుడో మానేసింది.

"మామయ్యా, తొందరగా చేసిపెట్టు. షాపు టైమైపోయింది."

పంక్చరు వెయ్యడానికి ఎంతసేపు? కానీ వాడి తొందర చూసేసరికి నాకు తిక్క రేగింది.

"ట్యూబు పోయిందిరా. కొత్తది రావాలి. బండి ఇక్కడ పడేసి బస్సులో పో."

"చిల్లర లేదు మామయ్యా."

"చిల్లరెందుకు? నాలుగు ఖాళీ ప్లాస్టిక్ సీసాలిస్తే టిక్కెట్టు ఇస్తున్నారుగా! నా షాపులో పడున్నాయి, పట్టుకెళ్ళు."

బస్టాపులో కొత్తగా ఒక రేకుల గది వెలిసింది. గదికో కిటికీ, కిటికీకో బల్ల, బల్ల వెనకాల ఒక అమ్మాయి. ఆ అమ్మాయి పని ఏంటంటే, వచ్చిన ప్రతి సీసానీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం. నూనె సీసా, కిరసనాయిలు సీసా ఒక్కటి కలిసినా బస్తా బస్తా పనికిరాకుండా పోతుందట. అందుకని మూతి వాసన చూడందే ఏ సీసానీ లోపలికి రానివ్వదు. జనం ఆమెకి ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టారు. ఆమె ముందు నించుంటే ఏ తప్పూ చెయ్యనివాడికి కూడా కాస్త వణుకు పుడుతుంది.

మావాడు వెళ్ళి సీసాలు బల్ల మీద పెట్టాడు.

"మూతలెవరు తీస్తారు?" అంది.

"మూతలతో తీసుకోరా?"

"మీరు చెప్పులతో మంచమెక్కుతారా?"

వెనక లైనంతా నవ్వింది. మావాడు చెవులు ఎర్రబడగా మూతలు తీశాడు. ఆమె ఒక్కో సీసా ఎత్తి, కళ్ళు సగం మూసి, వాసన చూసింది.

"నీళ్ళు. ఇదీ నీళ్ళే. ఇది నిమ్మకాయ సోడా, తాగి చాలా రోజులైంది. ఇది..." మొహం చిట్లించింది. "గ్రీజు. మెకానిక్కు చేతిలోంచి వచ్చింది. తీసుకోను. ఇంకొకటి తెండి."

"బస్సు వచ్చేస్తోందండీ!"

"రానివ్వండి. వస్తేనే కదా ఎక్కుతారు."

వాడు పక్క కొట్టుకి పరిగెత్తి నీళ్ళ సీసా అప్పు తెచ్చుకుని, ఆమె ఎదురుగానే గడగడా తాగేసి, ఖాళీ సీసా చేతికిచ్చి, గట్టిగా త్రేన్చాడు. ఇన్‌స్పెక్టరమ్మ టిక్కెట్టు చింపి ఇస్తూ పెదవులు బిగపట్టుకుంది. నవ్వు మాత్రం కళ్ళలోంచి బయటపడిపోయింది. నా షాపు స్టూలు మీద కూర్చున్న నాకే కనబడిందంటే, కళ్ళజోడు పెట్టుకున్న వాడికి కనబడదా?

సాయంత్రం తిరిగొచ్చి నా పక్కన చతికిలబడ్డాడు.

"మామయ్యా! ఆ అమ్మాయి సీసా ముక్కు దగ్గర పెట్టుకుని, లోపలేం ఉండేదో చెప్పేస్తోంది!"

"వాసన చూస్తే ఎవరైనా చెప్తార్రా."

"ఎవరూ నాకు చెప్పరుగా," అన్నాడు.

ఆ మాటకి నా టీ గ్లాసు వాడి చేతిలో పెట్టాను. నేను టీ వదులుకోవడం అరుదు.

మర్నాడు "బండి రెడీరా" అన్నాను.

"ఉండనీ మామయ్యా. టైరు కొన్నాళ్ళు రెస్టు తీసుకోనీ."

అప్పట్నించి మొదలైంది వాడి తాగుడు. నీళ్ళు, సోడాలు, పళ్ళరసాలు, సీసాలో దొరికేది ఏదైనా సరే. ఖాళీ చెయ్యాలి, కడగాలి, ఆరబెట్టాలి, పొద్దున్నే కిటికీకి చేర్చాలి. టిక్కెట్టుకి నాలుగు చాలు కదా, వీడు ఎనిమిది తెచ్చేవాడు. ఒక్కొక్కటీ సంచిలోంచి బంగారం తీసినట్టు తీసి ఇచ్చేవాడు.

"కమలాపండు," అనేది ఆమె.

"ఎలా ఉంది?"

"ఎలా ఉండటమేంటి? తొక్క ఒలిచినప్పుడు కంట్లో చిమ్ముతుంది చూడండి, అలా ఉంది."

"ఇది?"

"ఇది... దగ్గుమందు. పాపం, దగ్గొచ్చిందా?"

"లేదండీ. సీసా బాగుందని తాగాను."

ఆమె తల బల్ల కిందికి వంచి నవ్వేది. వెనకున్న పెద్దాయన "బాబూ, మా ఆఫీసులు కూడా ఉన్నాయి" అని అరిచేవాడు.

ఇంట్లో మా అక్కకి కంగారు పట్టుకుంది. ఒక రోజు షాపుకొచ్చి నా చెవి దగ్గర గుసగుసలాడింది.

"ఒరేయ్ తమ్ముడూ, వీడికి షుగరేమో అనిపిస్తోందిరా. పొద్దస్తమానం దాహం, పొద్దస్తమానం బాత్రూము. పైగా గోడకేసి చూసి నవ్వుతున్నాడు. షుగరుంటే గోడకేసి చూసి నవ్వుతారా?"

"కొన్ని రకాల షుగరుకి నవ్వుతారక్కా."

"డాక్టరు పరీక్ష చేసి ఏమీ లేదన్నాడు."

"ఈ షుగరు డాక్టర్లకి అందదులే."

అసలు సంగతి చెప్పొచ్చు. కానీ చెప్పేస్తే నాకేం మిగులుతుంది? అదీగాక మావాడు వాసనల గురించి అడుగుతున్నాడే గాని మనసులో మాట పైకి అనడు. ఇంజను తిరుగుతోంది, గేరు పడటం లేదు. ఎవరో ఒకరు వెనకనించి తొయ్యాలి. తోసే పని నాకు తప్ప ఎవరికి చేతనవుతుంది?

ఆలోచించాను. పాపం ఆ పిల్ల పొద్దున్నించీ పాచి సీసాలు వాసన చూస్తోంది. మధ్యలో ఒక్కటి ఘుమ్మని తగిలితే? కుర్రాడు తన కోసం ఎంత శ్రద్ధ తీసుకున్నాడో అని కరిగిపోదూ? వీడికెలాగూ వాసన తెలీదు గనక అడ్డు చెప్పడు.

మా ఆవిడ పెళ్ళిళ్ళకి తప్ప వాడని సెంటు బుడ్డి ఒకటుంది. మర్నాడు అల్లుడు తన సంచి నా దగ్గర పెట్టి మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు. అప్పుడే ట్యూబుకి రబ్బరు అంటించే సొల్యూషను రాసి ఉన్నాను, చేతులు కూడా కడుక్కోకుండా ఒక సీసాలో సెంటు కొంచెం ఒంపాను. కొంచెం అంటే, నా లెక్కలో కొంచెం.

వాడు లైనులో నించుంటే ముందువాళ్ళూ వెనకవాళ్ళూ తిరిగి తిరిగి చూస్తున్నారు. వాడు మాత్రం రాయిలా ఉన్నాడు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఇన్‌స్పెక్టరమ్మ సీసా ఎత్తింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

కరగలేదు. మొహం ఎర్రగా అయిపోయింది.

"ఎవరు పోశారిది?"

"ఏదండీ?"

"తెలీనట్టు అడక్కండి. వీధి చివరిదాకా తెలుస్తోంది."

"నాకు నిజంగా..." అంటూ తుమ్మాడు. వాసన తెలీకపోయినా ఘాటుకి తుమ్ము రాకుండా ఉంటుందా? రెండోది కూడా వచ్చేలా ఉందని గబుక్కున జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఓహో. సెంటు పోసింది చాలక ముక్కు కూడా మూసుకుంటున్నారా? అంత కంపు కొడుతున్నానా నేను?"

"అయ్యో, కాదండీ!"

"మీ సీసాలో ఏముందో మీకు తెలీదా?"

వాడు జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రేపట్నించి ఈ కిటికీకి రాకండి. పెద్దమనుషుల్లాగా డబ్బులిచ్చి టిక్కెట్టు కొనుక్కోండి."

ఆ సీసా తీసి బల్ల కింద పడేసింది. తర్వాతి మనిషిని పిలిచింది.

వాడు నా షాపులోకొచ్చి పాత టైరు మీద కూలబడ్డాడు. బస్సు వచ్చింది, వెళ్ళింది. వాడు కదల్లేదు.

"వాసన తెలీదని చెప్పొచ్చుగా వెధవా!" అన్నాను.

"ఎలా చెప్పను మామయ్యా? ఆ అమ్మాయి ఉద్యోగమే ముక్కు. ఆవిడ దగ్గరికెళ్ళి నాకు ముక్కు పనిచెయ్యదండీ అంటే, సంగీతం టీచరు దగ్గరికెళ్ళి నాకు చెవుడండీ అన్నట్టుంటుంది. ఇన్నాళ్ళూ దాచాను. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ..." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ సెంటు పోసినవాడు దొరకాలి మామయ్యా, చెప్తాను వాడి పని."

నేను ట్యూబుని నీళ్ళలో ముంచి బుడగల కోసం చాలా శ్రద్ధగా వెతికాను.

ఇంట్లో మా అక్క మహా సంతోషంగా ఉంది. "దాహం తగ్గిపోయిందిరా తమ్ముడూ!" అంది. మర్నాటికి ఆకలి కూడా తగ్గిపోయింది. అప్పుడు మళ్ళీ కంగారు మొదలైంది.

ఆ వారంలోనే బస్సు డ్రైవరుగారు నా దగ్గరికి వచ్చారు. ఆయన మా రూట్లోనే బస్సు నడుపుతారు, సైకిలు నా షాపులో పెట్టి డ్యూటీకెక్కుతారు. ఇన్‌స్పెక్టరమ్మకి కన్నతండ్రి. మీసం చూస్తే బస్సు కూడా భయపడి ఆగుతుంది.

"గాలి చూడవయ్యా," అని నిట్టూర్చారు. "మా అమ్మాయి డిపోలో బస్తాలు కట్టే పనికి మార్చమని అడిగిందట. సోమవారం నించి ఇక్కడుండదు."

పంపు నా చేతిలోంచి జారింది. "అదేంటండీ!"

"ఎవడో వెధవ సీసాలో సెంటు పోసిచ్చాట్ట. నువ్వు కంపు కొడుతున్నావని వెక్కిరింపు. నీకు తెలీదుగాని, నా బస్సులో అది కూర్చుంటే పక్క సీటు ఖాళీగా ఉన్నా జనం నించునే వస్తారు. చెత్తపిల్ల అంటారు. అద్దంలో అంతా నాకు కనబడుతూనే ఉంటుంది. పైకేమీ అనదు. ఇప్పుడీ సెంటుతో మనసు విరిగిపోయింది."

రోజూ డ్యూటీ దిగాక ఆ పిల్ల నా షాపు కుళాయి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా తోముకునేది. శుభ్రం తెలిసిన పిల్ల అని మురిసిపోయేవాణ్ణి. ఎందుకు తోముకుంటోందో నా మట్టి బుర్రకి అప్పుడు ఎక్కింది.

"ఆ వెధవ గనక దొరికితే," అన్నారు డ్రైవరుగారు, "ముందు చక్రం కింద పడుకోబెడతాను."

"వెనక చక్రమైతే ఇంకా బరువండీ," అన్నాను. నోరు ఎప్పుడూ నా మాట వినదు.

మర్నాడు నేనే నాలుగు సీసాలు పట్టుకుని కిటికీకి వెళ్ళాను. మబ్బు పట్టి ఉంది, లైను లేదు. దారిలో ఒక కథ కూడా అల్లుకున్నాను. సెంటు కంపెనీ వాళ్ళు సీసాలు పారేస్తే మావాడు ఏరుకున్నాడని.

"ఎక్కడికి బాబాయ్?" అంది ఇన్‌స్పెక్టరమ్మ. గొంతులో ఉత్సాహం లేదు.

"బజారుకి తల్లీ. అన్నట్టు ఆ సెంటు సంగతి..."

ఆమె అప్పటికే నా సీసా వాసన చూస్తోంది. చూస్తూ ఆగింది. మళ్ళీ చూసింది. బల్ల కిందికి వంగి ఒక సీసా తీసింది. అదే సీసా! మూతికి మందంగా కాగితం చుట్టి దాచింది. విప్పి వాసన చూసింది.

"సెంటు ఎగిరిపోయింది," అంది మెల్లగా. "కింద ఇంకో వాసన ఉంది. రబ్బరు సొల్యూషను. బాబాయ్, చెయ్యి ఇలా పెట్టండి."

"ఎందుకు తల్లీ?"

"పెట్టండి!"

పెట్టాను. వాసన చూసింది. నా కథ కథలాగే గాలిలో కలిసిపోయింది.

"మీరా!"

"వాడికేం తెలీదమ్మా! వాడి ముక్కుకి వాసనే తెలీదు. చిన్నప్పట్నించీ అంతే. పక్కన ఇల్లు తగలబడినా పొగ కంట్లో పడితేగాని తెలీదు. నీకు చెప్పడానికి సిగ్గుపడి చచ్చాడు. నువ్వు సంతోషిస్తావని నేనే... నా చేతులు విరగ్గొట్టినా సరే, నువ్వు మాత్రం డిపోకి వెళ్ళకు."

ఆమె ఆ సీసాకి మళ్ళీ కాగితం చుట్టసాగింది. అప్పుడు నాకో డౌటొచ్చింది. నాకు డౌటొస్తే ఆగదు.

"అవునుగాని తల్లీ, పనికిరాని సీసాలు ఏ రోజువి ఆ రోజే పారేస్తావు కదా. అంత కోపమొచ్చిన సీసాకి కాగితం చుట్టి దాచావేం?"

"బాబాయ్! మీరు వెళ్ళండి ముందు!" అని కిటికీ తలుపు ఠకీమని వేసింది. వేసేలోపల చెవులు చూశాను. మా అల్లుడి చెవుల రంగే.

సాయంత్రం మావాణ్ణి షాపుకి రప్పించి, ఉన్నదంతా చెప్పాను. "నువ్వా మామయ్యా!" అని లేచి నా పీక పట్టుకోబోతుంటే, "పీక తర్వాత, ముందు కిటికీ" అని బయటికి తోశాను. తోసిన క్షణమే వాన దంచి కురిసింది. వాడు తడుస్తూ వెళ్ళి కిటికీ చూరు కింద దూరాడు. వాళ్ళ రేకుకీ నా రేకుకీ మధ్య జానెడు సందు. నేను వినాలనుకోలేదు. చెవులు వాటంతట అవే వెళ్ళాయి.

"నిజంగా మీకు వాసన తెలీదా?"

"తెలీదండీ."

ఏదో సీసా చేతికిచ్చినట్టుంది. "ఇదేంటో చెప్పండి."

గట్టిగా పీల్చాడు. "నిమ్మకాయ సోడానా?"

"ఫినాయిలు!" అంది. ఆపుకోలేక నవ్వేసింది. ఆ నవ్వు వానలో కూడా వినబడింది. తర్వాత నవ్వు ఆగింది. "అంటే, నా దగ్గర ఏ వాసనొచ్చినా మీకు తెలీదు. అందుకేనా నచ్చాను?"

ఒరేయ్ అల్లుడూ, జాగ్రత్తగా చెప్పరా అని నేనిక్కడ స్పానరు గట్టిగా పట్టుకున్నాను.

"కాదండీ. నాకు అన్నం వాసన తెలీదు, సబ్బు వాసన తెలీదు. అందరూ తమకి తెలుసు గనక నాకు చెప్పరు. మీరు ఒక్కో సీసా ఎత్తి చెప్తుంటే... నేను చేసిచ్చిన అద్దం మొదటిసారి పెట్టుకున్నవాడు వీధి చివర బోర్డు చదివినప్పుడు వాడి మొహం ఎలా ఉంటుందో, నా మొహం అలా అయిపోయేది. అందుకే ఎనిమిదేసి సీసాలు తెచ్చాను. దగ్గుమందు కూడా అందుకే తాగాను."

కిటికీ తలుపు ఇంకాస్త తెరిచిన చప్పుడైంది.

"ఈ వాన వాసన ఎలా ఉంటుందండీ?" అన్నాడు.

"వాన కాదు, తడిసిన నేలది వాసన," అంది. "కొత్త మట్టికుండలో నీళ్ళు తాగేముందు కుండ మొహం దగ్గరికొస్తుంది చూడండి, చల్లగా... అలా."

"మరి మీది?"

"పొద్దున సబ్బు. సాయంత్రానికి ఊళ్ళోవాళ్ళందరి సీసాలు."

"రోజూ సాయంత్రం ఏయే సీసాల వాసనలో నాకు చెప్తారా? ఎప్పటికీ?"

ఆమె ఏమందో నాకు వినబడలేదు. సరిగ్గా అప్పుడే ఒక లారీవాడు వచ్చి "గాలి కొట్టు" అన్నాడు. వాడి టైర్లన్నిటికీ నా కోపమంతా కొట్టాను. కానీ డిపో బదిలీ వద్దని ఆమె మర్నాడే చెప్పేసింది, కాబట్టి ఏమందో ఊహించుకున్నాను.

ఇక పెద్దవాళ్ళ మాట. డ్రైవరుగారికి సెలవు దొరకలేదు. "మాట్లాడాలంటే నా బస్సెక్కండి" అని కబురు పెట్టారు. అక్క, అల్లుడు, నేను తలా నాలుగు సీసాలు పట్టుకుని కిటికీ దగ్గర నించున్నాం. ఇన్‌స్పెక్టరమ్మ కాబోయే అత్తగారి సీసాలు కూడా వాసన చూసింది, డ్యూటీ డ్యూటీయే. తర్వాత గది తాళం వేసి మాతోపాటే ఎక్కింది. మా అక్క పక్క సీటు చేత్తో తట్టి, "ఇటు రా తల్లీ, నా పక్కన కూర్చో" అంది. అద్దంలో మీసం కదిలింది.

డ్రైవరు తల మీద బోర్డుంది. బస్సు కదులుతుండగా డ్రైవరుతో మాట్లాడరాదు. ఆయన ఆ బోర్డు దాటే మనిషి కాదు.

"అన్నయ్యగారూ, మావాడు కళ్ళజోళ్ళ షాపులో..." అంది అక్క. బస్సు కదిలింది. ఆయన వేలితో బోర్డు చూపించారు. వచ్చే స్టాపులో అక్క పూర్తి చేసింది. "...పని చేస్తున్నాడండీ."

"ముక్కు పని చెయ్యదటగా?" అన్నారాయన. బస్సు కదిలింది.

పై స్టాపులో జవాబు. "మిగతావన్నీ బ్రహ్మాండంగా పని చేస్తాయి అన్నయ్యగారూ. మధ్యలో దాహం ఒకటి ఎక్కువైంది, అదీ తగ్గింది!"

దిగాల్సినవాళ్ళు దిగడం మానేశారు. "మా స్టాపు పోతే పోయింది, ఇది తేలనివ్వండి" అంది ఒక పెద్దావిడ.

ఎర్ర లైటు దగ్గర ఆయన వెనక్కి తిరిగారు. "ఏమ్మా, నీకిష్టమేనా?"

ఇన్‌స్పెక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆయన సీసాలు మూతలు తీసి, కడిగి, ఆరబెట్టి తెస్తారు నాన్నా" అంది.

"ఇదేం జవాబే?"

ఆకుపచ్చ లైటు పడింది. జవాబు అదేనని బస్సులో ఆయనకి తప్ప అందరికీ అర్థమైంది. కాసేపటికి, అద్దంలో కూతురి మొహం చూశాక, ఆయనకీ అయినట్టుంది.

ఆ పై స్టాపులో అన్నారు. "అంతా బాగానే ఉంది. ఆ సెంటు పోసిన వెధవ ఎవడో తేలితే చాలు."

మా అక్క నన్ను చూసింది. అల్లుడు నన్ను చూశాడు. ఇన్‌స్పెక్టరమ్మ ముక్కు నా వైపు తిప్పి గాలి పీల్చింది. నేను పక్కావిడ సంచి వెనక దాక్కోబోయాను. ఆ సంచి మరీ చిన్నది, డ్రైవరుగారి అద్దం మరీ పెద్దది.

బస్సు కొంత దూరం వెళ్ళి, స్టాపు లేని చోట ఆగింది. తలుపు తెరుచుకుంది.

"సెంటాయన దిగాలి."

"ఇక్కడా డ్రైవరుగారూ! ఇక్కడేమీ లేదండీ!"

"అందుకే."

దిగాను. దిగి తలుపు పట్టుకుని అడిగాను. "అది సరే, సంబంధం సంగతేంటండీ? అవునా, కాదా?"

"బండి కదిలాక నేను మాట్లాడను. హారను వినబడితే అవుననుకో," అని తలుపు వేశారు.

బస్సు వెళ్ళిపోయింది. వెనక అద్దంలో మా అల్లుడి కళ్ళజోడు కనబడింది, పక్కనే ఇంకో తల. నడిరోడ్డు మీద చెవులు రిక్కించి నించున్నాను. హారను లేదు. బస్సు చిన్నదైపోతోంది. లేదు. మలుపు దాకా వెళ్ళింది. నా గుండెలో గాలంతా దిగిపోయింది.

మలుపు తిరుగుతూ కొట్టారండీ! ఒక్కసారి కాదు, వీధి వీధంతా కిటికీలు తెరిచి చూసేలా, ఆపకుండా.

ఎగిరి గంతేసి, జేబులు తడుముకున్నాను. సొల్యూషను ట్యూబు తప్ప ఏమీ లేదు. రోడ్డు పక్కన వెతుక్కుంటూ నాలుగు సీసాలు ఏరాను. మూతలు తీశాను. వాటి మీద అంటించిన కాగితాలు గీకాను. దగ్గర్లో ఉన్న స్టాపుకి నడిచి, అక్కడ కూడా ఉన్న సీసాల కిటికీలో పెట్టాను. అక్కడింకో అమ్మాయి కూర్చుంది. సీసాలు ముట్టుకోలేదు, నా చేతుల వైపు చూసింది.

"సెంటు బాబాయ్ మీరేనా?"

"నీకెలా తెలుసమ్మా?"

"ఇన్‌స్పెక్టరమ్మ ఇప్పుడే ఫోను చేసింది. ఈ రూట్లో ఏ కిటికీలోనూ మీ సీసాలు తీసుకోవద్దంది. ఇవాళ్టికి నడిచి రమ్మంది."

నాలాంటిదే ఇంకొకతి ఇంట్లోకి వస్తోందన్నమాట. సీసాలు చంకలో పెట్టుకుని నడక మొదలుపెట్టాను. దారి పొడుగునా నాలో నేనే నవ్వుకుంటుంటే, ఎదురొచ్చేవాళ్ళు పక్కకి తప్పుకుని నడిచారు.